కీళ్లు వంగని వేళ

సాష్టాంగ నమస్కారమున ఎనిమిది అంగములు పాల్గొనవలెనని పెద్దలు చెప్పుదురు. వక్షము, శిరస్సు, చేతులు, పాదములు, మోకాళ్లు అను ఐదును నేలను తాకవలెను. చూపు, వాక్కు, మనస్సు అను మూడును స్వామిని చేరవలెను. వీనిలో మోకాలు ఒక్కటి వంగనని మొరాయించినచో ఆ నమస్కారము వెలితి పడునా?

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురైనది కాదు. ఎనుబదేండ్ల మా తండ్రిగారు అడిగినది. వారు ఏటేట అలిపిరి నుండి కాలినడకను కొండ నెక్కినవారు. ప్రతి ఉదయము పూజామందిరమున నేలపై సాగిలపడినవారు. మోకాళ్లు అరిగిపోయినవనియు, ఇక నేలపై కూర్చుండరాదనియు వైద్యులు చెప్పిన మరునాడు వారిని పూజవేళ కుర్చీలో కూర్చుండబెట్టితిమి. వారు చేతులు జోడించి, వెంటనే దించివేసి, "స్వామి ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుంటే అది దణ్ణమవుతుందా నాయనా, కొలువు తీరినట్టవుతుందా?" అనిరి. ఆనాడు నేను బదులు చెప్పలేకపోతిని.

వృక్షములు లోపలి చేవ వలన నిలుచునట్లు దేహములు ఎముకల వలన నిలుచునని సుశ్రుత సంహిత చెప్పుచున్నది. చరకుడు దంతములను, గోళ్లను గూడ చేర్చి ఎముకలు 360 అనెను. సుశ్రుతుడు శల్యతంత్రము ననుసరించి 300 అనెను. నేటి శరీరశాస్త్రము పెద్దవారి దేహమున 206 అని లెక్కించుచున్నది. లెక్క ఏదైనను, ఎముకలే యుండి కీళ్లు లేనిచో మనిషి స్తంభము వలె నిలువగలడే గాని నమస్కరింపలేడు. నిలబెట్టునది ఎముక, వంచునది కీలు. సుశ్రుతుడు ఈ సంధులను 210గా లెక్కించి, కదలునవి, కదలనివి అని రెండు తెగలుగా విభజించెను.

కపాలమందలి అతుకులు కదలవు గనుక వానికి అరుగుదల బాధ లేదు. మోకాలి మాట వేరు. తొడ ఎముక, జంఘాస్థి, మోకాలిచిప్ప కలియు ఆ చోట ఎముకల కొసలను నునుపైన మృదులాస్థి కప్పియుండును. నడుమనున్న ద్రవము కందెన వలె పనిచేయును. ఆ మృదులాస్థికి రక్తనాళములు లేవు. అందుచేత అది అరిగినచో మరల పూడుట మిక్కిలి కష్టము. వయస్సు, దేహభారము, పాత దెబ్బలు, వంశలక్షణము దీనికి కారణములు. ఇది దేహధర్మమే గాని భక్తిలోని లోపము కాదు.

చేతనుడు దేనిని ధరించి, నియమించి, తన ప్రయోజనమునకు వినియోగించుకొనునో అది వానికి శరీరమని శ్రీభాష్యమున భగవద్రామానుజులు నిర్వచించిరి. అట్లయినచో రోగగ్రస్తమైన దేహము జీవుని ఆజ్ఞకు లోబడదు గదా, అది శరీరము కాకపోవునా అను ఆక్షేపమునకు వారే సమాధానమిచ్చిరి. నియమించు శక్తి లేకపోలేదు, అడ్డగింపబడినది మాత్రమే. శక్తి అడ్డగింపబడిన అగ్నియందు వేడి కానరానట్లే యని వారి భావము. కొండ యంతయు సాలగ్రామమయమని తలచి, పాదము మోపుటకు వెనుదీసి, మోకాళ్లతోనే తిరుమల నెక్కిరని ఐతిహ్యము గల ఆచార్యుల మాట ఇది. మోకాళ్లపర్వతము అను పేరు నేటికిని ఆ సంగతిని తలపించుచున్నది. కావున మోకాలు వంగకున్నను, వంగవలెనను సంకల్పము చెడిపోలేదు.

వరాహ చరమశ్లోకము మనలను మరియొక మెట్టు పైకి తీసికొనిపోవును. మనస్సు స్వస్థముగను, దేహధాతువులు సమస్థితిలోను ఉన్నప్పుడు తన్ను స్మరించినవానిని, వాడు కట్టె వలె, రాయి వలె పడియున్న అంత్యకాలమున తానే స్మరించి పరమగతికి చేర్తునని స్వామి భూదేవికి మాట యిచ్చెను. ఆ ధాతువులు ఏడింటిలో ఎముక ఒకటి. ఆరోగ్యమున్ననాడు తలచుట మన వంతు. అది లేనినాడు తలచుట ఆయన వంతు.

అట్లని కీళ్లు చక్కగా వంగువారు ఈ అభయమును సాకుగా చేసికొనరాదు. ధాతువులు సమముగా ఉన్నప్పుడే యను నియమము మన కొరకే చెప్పబడినది. ఐదంగములు నేలపై నుండగా మనస్సు చెప్పులు విడిచిన చోట తిరుగుచుండుట మనలో అరుదా? ఆ నమస్కారమునకు గల వెలితి కుర్చీలోని నమస్కారమునకు లేదు.

ఈ మాటలే మా తండ్రిగారికి విన్నవించితిని. వారు చాలసేపు మాటాడలేదు. మరునాటి ఉదయము కుర్చీలో కూర్చుండి, "నువ్వు సాగిలపడేటప్పుడు గోవిందా అని గట్టిగా అను నాయనా. నేనూ తల వంచుతాను" అనిరి.

సన్నిధిలో మీ ప్రక్కన కర్ర పట్టుకొని నిలిచిన వృద్ధుడు వంగలేకపోయినచో జాలిపడవలదు, భుజమందింపుడు. ఆయన మోకాళ్లు తమ వంతు నమస్కారములను ఏనాడో చేసి యున్నవి.