మన ఆకాశం దాటితే చాలా?

సెలవులకి వచ్చిన మా తమ్ముడి కూతురు వారం రోజులుగా చేతిలో ఒక మడతపెట్టే ఆటయంత్రంతోనే తిరుగుతోంది. అన్నం ముందు కూర్చున్నా దాన్ని వదలదు. "ఏముందే అందులో అంతగా?" అని కసిరితే, "ఒక దొంగ ఉంది అత్తా, దాన్ని పట్టుకోవాలి" అంది. కథలు రాసుకు బతికేదాన్ని కదా, దొంగ అనగానే నేనూ పక్కన చేరాను. పొయ్యిమీద వంకాయకూర సంగతి మరిచిపోయాను.

ఆ ఆట పేరు పోకెమాన్. వింత జంతువుల్ని పట్టి, పెంచి, మచ్చిక చేసి పోటీలకి దింపడం. అందులో ఒమేగా రూబీ, ఆల్ఫా సఫైర్ అని 2014లో వచ్చిన జంట ఆటలున్నాయి. జపాన్‌లోని క్యూషూ దీవిని చూసి ఊహించుకున్న హోయెన్ అనే ప్రాంతంలో కథ నడుస్తుంది. గెలవవలసినవన్నీ గెలిచి, అయిపోయిందనుకున్నాక వస్తుంది ఈ జిన్నియా. మన పెరళ్ళలో పూసే పువ్వు పేరే! చిరుగుల పైబట్ట, వెంట ఆస్టర్ అనే బుల్లి జంతువు. పోరుకి దిగితే మాత్రం ఆమె వదిలేవి అయిదూ డ్రాగన్లే. ఎవరామె, ఎందుకొచ్చింది, ఒక పట్టాన చెప్పదు. అందరి దగ్గరా మహిమగల రాళ్ళు కాజేస్తూ పోతుంది.

ఇంతకీ సంగతేమిటంటే, ఆకాశంలోంచి పెద్ద ఉల్క ఒకటి భూమి మీదికి వచ్చిపడుతోంది. మాస్‌డీప్ అనే ఊళ్ళో శాస్త్రజ్ఞులు ఉపాయం కనిపెట్టారు. రాకెట్‌లో ఒక యంత్రం పంపి, ఆ ఉల్కని మరోచోటికి తరలించేయాలని. అందరూ హమ్మయ్య అనుకుంటున్న వేళ జిన్నియా వచ్చి ఆ యంత్రాన్ని కాస్తా పగలగొట్టింది. ఆమె అడిగేది ఒకటే. తరలించిన ఉల్క ఎక్కడికి పోతుంది? మనలాంటిదే మరో లోకం ఉండి, అక్కడ దాన్ని ఆపే శక్తి ఎవరికీ లేకపోతే?

శాస్త్రజ్ఞులు చెడ్డవాళ్ళు కారు. తమ పిల్లల్ని బతికించుకోవాలనుకున్నారు. ఆ మరో లోకం ఉందని జిన్నియా దగ్గర రుజువూ లేదు. ఆకాశంలోని రేక్వాజా అనే మహాసర్పాన్ని పిలిస్తే అది ఉల్కని ముక్కలు చేస్తుందని ఆమె పూర్వీకుల మాట. ఆ మాటని నమ్మి, అందరి ప్రాణాలూ పందెం ఒడ్డే హక్కు ఆమెకెవరిచ్చారు? నేనైతే ఇవ్వను. తీరా ఆ సర్పం వచ్చాక, దానికీ కావలసిన బలం చాలలేదట!

అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కారణం ఉంది. పదకొండేళ్ళ కిందట మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. నాకప్పుడు సీరియల్ గడువులు తరుముతున్నాయి. మూడు నెలలకని చెప్పి ఆవిణ్ణి తోటికోడలింటికి పంపాం. కారు, మందులు, నెలనెలా డబ్బు, అన్నీ సక్రమంగా చూశాం. "ఎలాగో సర్దుకుందిలే" అని నలుగురితో చెప్పుకున్నాను కూడా. మూడు నెలలు ఏడాదిన్నర అయింది. తను సెలవు మీద సెలవు పెట్టి, చివరికి ఉద్యోగమే మానేసిందని పన్నెండో రోజు భోజనాల దగ్గర ఎవరో అంటే తెలిసింది. మాస్‌డీప్ వాళ్ళకి ఆ రెండో లోకం కనపడదు. నాకు తోటికోడలి ఇంటి నంబరు కూడా కంఠతా వచ్చు.

"ఆఖరికేమైందే?" అని అడిగాను.

"రేక్వాజా నా దగ్గరున్న ఉల్క ముక్క తిని బలం తెచ్చుకుంది. దాని మీదెక్కి నేనే వెళ్ళి పగలగొట్టాను. జిన్నియా చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆవిడ మంచిదా చెడ్డదా అత్తా?"

మాడు వాసన వస్తోందని లేచి వంటింట్లోకి వెళ్ళాను.

ఆ సాయంత్రం తోటికోడలికి ఫోను చేశాను. మామిడికాయల ధర గురించి, వాళ్ళ పెద్దాడి పరీక్షల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. అడగవలసింది ఈసారీ అడగలేదు. "వదినా, ఆవకాయ పెట్టాక ఒక జాడీ పంపుతాను" అంది తనే.