పెద్దకూర దబరకి తొందర పనికిరాదు నాయనా

ఆదివారం ఇంట్లోనే పెద్దకూర వండుకుందామని నీకు బుద్ధి పుట్టింది, సంతోషం. ఫోనులో ఆర్డరు పెట్టకుండా, మాంసమూ గింజలూ ఒకే దబరలో ఉడికించి ఇంటిల్లిపాదికీ పెడదామనుకున్నావు, ఇంకా సంతోషం. కానీ పదకొండింటికి మాంసం తెచ్చి పన్నెండున్నరకల్లా కంచంలో పడాలంటే ఎట్లా నాయనా? అన్నీ ఒక్కసారే కుక్కర్లో కుమ్మరిస్తావు, ఆరు విజిల్స్ రానిస్తావు, మూత తీసేసరికి ముక్క సాగుతూ ఉంటుంది, గింజ పలుకుగా ఉంటుంది. ఇక మాంసం మంచిది కాదంటావు, గింజలు పాతవంటావు. మాంసం మంచిదే. నీకు తీరికే లేదు.

ఈ కూర ఆదివారం పొద్దున మొదలుపెట్టే కూర కాదు. శనివారం రాత్రి మొదలుపెట్టే కూర. పడుకోబోయే ముందు పావుకిలో గింజలు కడిగి, మూడింతలు నీళ్లు పోసి నానబెట్టు. అంతకన్నా పనేమీ లేదు. ఆ ఒక్క పనీ మర్చిపోయి తెల్లారి హడావిడి పడతారు మీ కుర్రాళ్లు.

ఏ గింజలంటావా? మన మార్టూరు వైపు ఇళ్లల్లో ఉండేవి ఎండు చిక్కుడు గింజలు, బొబ్బర్లు. చిక్కుడు గింజలు మొండివి, నానబెట్టిన నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో ఒక తెర్లు తెర్లించి, ఆ నీళ్లు కూడా వంచేసి అప్పుడు కూరలో వెయ్యాలి. బొబ్బర్లు మెత్తటివి, మాంసంతో పాటే వేశావా, ముక్క ఉడికేసరికి గుజ్జయిపోతాయి. వాటిని సగం దారిలో వెయ్యి. నువ్వు హైదరాబాదులో ఉన్నావు, అక్కడ రాజ్మా తెస్తావేమో. దాంతో మాత్రం జాగ్రత్త. పచ్చి రాజ్మాలో కడుపుని పట్టేసే విషపదార్థం ఒకటుంది, దాన్ని లెక్టిన్ అంటారు. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. పన్నెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లబెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సన్నసెగ మీద గోరువెచ్చగా ఉంచితే ఆ విషం పోదు, ఇంకా పెరగొచ్చు కూడా. కరెంటు మీద నిదానంగా వండే స్లో కుక్కర్ కొన్నావంటగా, రాజ్మాని అందులో పచ్చిగా వెయ్యబాక. ముందు పొయ్యి మీద తెర్లించాకే వెయ్యి.

నీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. ఈ నీళ్లకి పప్పు ఉడకదు అని మన ఊళ్లల్లో ఆడవాళ్లు అనేది ఉత్త మాట కాదు. బోరు నీళ్లలో సున్నం లాంటి లవణాలు ఎక్కువైతే అవి గింజ పొట్టుని గట్టిపరుస్తాయి. అందుకే కూర నీళ్లకని చెరువు దాకా బిందె మోసేవాళ్లు. నీకు ఫిల్టరు నీళ్లున్నాయి, అవి పొయ్యి. తినేసోడా చిటికెడు వేస్తే గింజలు గబగబా ఉడుకుతాయని ఎవరో ఒకరు చెప్తారు. ఉడికే మాట నిజమే, కానీ రుచి చెడుతుంది, గింజలో ఉన్న బి1 విటమిన్ పోతుంది. నానబెట్టే ఓపిక లేకపోయేసరికే కదా సోడా డబ్బా మీదికి చెయ్యి పోయేది? నానబెట్టు నాయనా. శనివారం రాత్రే నానబెట్టు.

ఇక మాంసం. మన దగ్గరైనా నువ్వుండే హైదరాబాదులోనైనా 1977 నాటి చట్టం ప్రకారం ఆవునీ దూడనీ కొయ్యకూడదు. వయసైపోయిన గేదెనీ దున్ననీ కొయ్యాలన్నా పశువుల డాక్టరు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి మన దబరలోకి ఎక్కువగా వచ్చేది దున్న మాంసమే. లైసెన్సున్న కొట్లో, పొద్దున్నే వెళ్లి, నీ కళ్ల ముందు కొట్టించుకో. ముక్క ముదురు ఎరుపులో ఉంటుంది, కొవ్వు తెల్లగా ఉంటుంది, వాసన రాకూడదు. బోన్‌లెస్ కావాలని అడగబాక. కాలి కండ అడుగు, మెడ దగ్గరిది అడుగు, మూలుగ బొమిక ఒకటి వెయ్యమను. జీవితమంతా నడిచిన కాలు అది, నరాలూ పీచూ ఎక్కువ. ఆ పీచే నిదానంగా కరిగి పులుసుకి చిక్కదనం ఇస్తుంది. కరగటానికి సన్నసెగ మీద రెండు గంటలు, ముదురు మాంసమైతే మూడు గంటలు పడుతుంది. మార్టూరు ఫ్యాక్టరీల్లో గ్రానైట్ రాయి కోసేటప్పుడు రంపం మీద నీళ్లు పోస్తూ నిదానంగా కోస్తారు చూడు, తొందరపడితే పలక పగిలి కష్టమంతా వృథా, ఈ ముక్క కూడా అంతే.

కుక్కర్ వద్దని నేననను. ఉద్యోగం చేసుకునే పిల్లలు, మామూలు రోజుల్లో ఏం చేస్తారు? ముందు మాంసం ఒక్కటే వేసి అరగంట ఉడికించు, మూత తీసి చూసుకుని తర్వాత గింజలు వెయ్యి. కానీ ఆదివారం నాడు మాత్రం దబర పెట్టు. మీ తాతల రోజుల్లో పొయ్యిలోకి పత్తి కట్టె, మిరప కట్టే కదా. పత్తి కట్టె భగ్గున అంటుకుని భగ్గున ఆరిపోతుంది. మిరప కట్టె పొగకి వీధి వీధంతా దగ్గుతుంది. వాటితో ఎసరు తెర్లించి, ఆ తర్వాత తుమ్మ మొద్దు ఒకటి లోపలికి తోసి, నిప్పుల మీద వదిలేసేవాళ్లు. గ్యాసు పొయ్యికీ అదే పద్ధతి. ముందు పెద్ద మంట, నాలుగు పెద్ద ఉల్లిపాయలు ఎర్రగా వేగాలి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోవాలి, పసుపూ ఉప్పూ వేసి ముక్క నీరు విడిచి ఆ నీరు ఇగరాలి. అప్పుడు వేడినీళ్లు పోసి, తెర్లాక పైన తేలే నురగ గరిటెతో తీసేసి, మంట తగ్గించి మూత పెట్టు. మూత పెట్టి బజారుకి పోబాక. గ్యాసు వెలిగించి ఇల్లు విడిచిపోయే అలవాటు ఒకటి వచ్చింది మీకు, అది నాకు అస్సలు నచ్చదు.

పులుపు చివర్న. ఈ మాట రెండుసార్లు చెప్తున్నాననుకోబాక, మూడోసారి కూడా చెప్తాను. చింతపండు గానీ, టమాటా గానీ, గోంగూర గానీ గింజ ఉడకకముందు వేశావంటే ఆ గింజ ఒక పట్టాన మెత్తబడదు. ఉప్పు మొదట వేసినా ఇబ్బంది లేదు, పులుపే ఆపాలి. ఒక గింజ తీసి బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య నలుపు. మధ్యలో పలుకు తగలకుండా నలిగితే అప్పుడు గోంగూర వెయ్యి. ముక్కని గరిటె అంచుతో నొక్కితే విడిపోవాలి, పులుసు వేళ్లకి జిగురుగా తగలాలి. అప్పటిదాకా ఆగు, పులుపు చివర్నే.

కారం కూడా చూసి వెయ్యి. మిరపకాయ పండించే నేల మనది, గుంటూరు యార్డు మన పక్కన ఉంది, నిజమే. అంతమాత్రాన నాలుక మాడేటట్టు వెయ్యాలని ఎవరన్నారు? ఘాటుకి తేజ, రంగుకీ రుచికీ సన్నం అని చూసి కొట్టించుకునేవాళ్లు పెద్దవాళ్లు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, పెద్దాయన ఉన్నాడు, వాళ్లని చూసి వెయ్యి. రేటు తక్కువని తాలుకాయ కొట్టించబాక, తడిసి బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది లివర్‌ని తింటుంది.

మాంసం అరకిలో చాలు. పావుకిలో ఎండు గింజలు ఉడికితే ముప్పావుకిలో దాకా అవుతాయి, ఆరుగురు తృప్తిగా తింటారు. కూలి డబ్బులు చాలని రోజుల్లో గింజలు ఎక్కువేసి అందరికీ సర్దేవాళ్లు. ఇప్పుడు నీకు డబ్బుంది, రెండు కిలోలు తేగలవు. తేబాక. ఎర్రమాంసం వారానికి వండిన తూకంలో అరకిలో దాటకూడదని క్యాన్సర్ మీద పరిశోధన చేసేవాళ్లు చెప్తున్నారు, అది మనిషికి లెక్క. మీ నాన్నకి బీపీ ఉంది, నీకూ రాదని నమ్మకమేంటి? మాంసం తగ్గించు, గింజలు పెంచు. రుచి మాంసానిదే, కడుపు నింపేది గింజ.

మనలాగా గింజా మాంసం కలిపి వండేవాళ్లు లోకమంతా ఉన్నారు. బ్రెజిల్లో నల్ల చిక్కుళ్లతో ఫెయిజోడా వండుతారు. యూదుల ఇళ్లల్లో శనివారం సబ్బాతు, ఆ రోజు పొయ్యి వెలిగించకూడదు, అందుకని శుక్రవారం పొద్దుగుంకక ముందే బీఫూ గింజలూ బార్లీ వేసి దబర పొయ్యి మీద పెట్టేస్తారు, రాత్రంతా మగ్గి మర్నాటి మధ్యాహ్నానికి తయారు. చోలెంట్ అంటారు దాన్ని. సబ్బాతు పాటించే తెలుగువాళ్లు మన దగ్గరా ఉన్నారు, గుంటూరు పక్కన చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు. మనది ఆదివారం. 1878 జులై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మిషను వాళ్లు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, అప్పుడు కరువు కాలం, ఆనాటి నించీ మన పేటల్లో ఎన్నో ఇళ్లకి ఆదివారమంటే గుడి, గుడి నించి వచ్చాక కూర. గుళ్లో ఆరాధన అయ్యేదాకా ఓపిక పట్టినవాళ్లకి దబర దగ్గర ఓపిక పట్టటం ఒక లెక్కా?

ఇంకొకటి చెప్పాలి. నీ ఇంటిగలాయన శాకాహారి అయితే అద్దెకి దిగేటప్పుడే ముఖం మీద అడుగు, ఇష్టం లేకపోతే వేరే ఇల్లు చూసుకో. దొంగచాటుగా కిటికీలు మూసుకుని వండబాక, అది నీ పిల్లకి తన తిండి అంటే సిగ్గు నేర్పుతుంది. ఎవరి మీదో పంతానికి వండబాక, అది ఆ పిల్లకి కొట్లాట నేర్పుతుంది. టిఫిన్ బాక్సులో ఏముందని బడిలో ఎవరన్నా అడిగితే మా నాన్న వండిన కూర అని చెప్పగలిగితే చాలు.

వండాక మొదట పెద్దాయన కంచంలో వెయ్యి, మూలుగ బొమిక ఆయనకే. మిగిలింది దబరలోనే రాత్రిదాకా ఉంచబాక, రెండు గంటల్లోపు చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టు. సోమవారం పొద్దున జొన్నరొట్టెలోకి ఆ పులుసు ఇంకా బాగుంటుంది, తెర్లేదాకా కాచి మరీ తిను. అడుగంటిన దబర సింకులో పడేసి ఇంకెవరో తోముతారులే అని కూర్చోబాక. వండింది నువ్వు, కాసిని వేడినీళ్లు పోసి నానబెట్టి, అది కూడా నువ్వే తోము.