గృహస్థుని నిల్వ – శరణుని అసంగ్రహము

రేపటికని దాచుకొనుట శరణధర్మమునకు విరుద్ధమా? బియ్యము, పప్పు, ఉప్పు, నూనె నెలకు సరిపడ తెచ్చి వంటింట పెట్టుకొనుటను ఎవరును దోషముగా తలంపరు. ఐనను ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. ఏలయన బసవేశ్వరుడు ఒక వచనమందు, బంగారమందు గాని వస్త్రమందు గాని రేపటి కొరకు అణుమాత్రమును ఉంచుకొననని తన ఇష్టదైవము నెదుట ప్రమాణము చేసియున్నాడు. ఆ ప్రమాణమును భక్తితో స్మరించు ఇంటిలోనే గాదె నిండ ధాన్యము, జాడీల నిండ ఊరగాయ, నేటి దినములలో ఫ్రిజ్ నిండ కూరలు ఉండును. పఠించు మాటకును గడుపు బ్రతుకునకును నడుమనున్న ఈ ఎడము కపటమా, లేక దానికొక ధర్మము కలదా? ఇదియే మనము విచారింపదగిన విషయము.

విజయనగరమునకు సమీపమున నెల్లిమర్ల మండలమందున్న రామతీర్థమున ఈ ప్రశ్న మిక్కిలి పురాతనమైనది. ప్రజలు శ్రీరామస్వామి దర్శనమునకును, శివరాత్రి జాతరకును అచ్చటికి తరలివత్తురు. అచ్చటనే గురుభక్తుల కొండమీద బౌద్ధవిహారముల శిథిలములు, దుర్గకొండమీద జైనవిగ్రహములు నేటికిని కానవచ్చును. బౌద్ధభిక్షువునకు వినయపిటకము విధించిన నియమమేమన, స్వీకరించిన ఆహారమును మరునాటికి నిల్వయుంచి భుజింపరాదు. నేయి, వెన్న, నూనె, తేనె, బెల్లము అను ఐదింటిని మాత్రము రోగికి ఔషధముగా ఏడు దినములవరకు ఉంచుకొనవచ్చును. దిగంబర జైనముని నియమము ఇంతకంటెను కఠినము. ఆయన దినమున కొక్కపర్యాయము తన దోసిటియందే ఆహారమును గ్రహించును. పాత్ర కూడ లేనివానికి నిల్వ యెక్కడిది?

ఈ వ్రతములు మహనీయములే. కాని వీటిని నిలిపినవారెవరు? కొండదిగువ పల్లెలలో కోతలనాడు ధాన్యము నూర్చి, ఎండబెట్టి, పురి కట్టి దాచిన గృహస్థులు. ఆ దాచిన ధాన్యము లేనిచో ఆషాఢమాసమున భిక్షాపాత్రలో పడునది ఏమియు లేదు. ఒకని అసంగ్రహము మరియొకని సంగ్రహముపై నిలిచినది. ఈ సత్యమును గుర్తించిన వారగుటచేతనే బసవాదిశరణులు ఇల్లు విడువుమని లోకమును ఆదేశింపలేదు. ఇంటనుండి, కాయకము చేసి, దాని ఫలమును దాసోహమున సమర్పింపుమనిరి. కావున అసంగ్రహమును సన్న్యాసి కొలమానముతో గాక గృహస్థుని కొలమానముతో కొలువవలసిన బాధ్యత మనపై పడినది.

ఆ కొలమానమును చూపినది ఆయ్దక్కి లక్కమ్మ. ఆమె భర్త మారయ్య శరణుల ముంగిళ్ళలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట తన కాయకముగా పెట్టుకొనెను. ఒకనాడాయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తేగా, లక్కమ్మ సంతోషింపక, మనకు చాలినదానికి మించినదిది, ఎచ్చటినుండి తెచ్చితివో అచ్చటనే పోసిరమ్మని త్రిప్పిపంపెను. ఆ ఇల్లాలు బియ్యము వలదనలేదు. నేటి వంటకును, జంగమార్చనకును కావలసిన కొలతను ఉంచుకొనెను. ఆమె నిరాకరించినది కొలత దాటిన దానిని మాత్రమే. ఇంకొక సంగతి గమనింపుడు. మారయ్య ఏరిన గింజలు రాలినది ఎవరి ముంగిట? నిండిన ఇండ్ల ముంగిట. ఆ ఇండ్లలో నిల్వ లేకున్నచో ఆయన కాయకమే లేదు. కావున లక్కమ్మ కథ నిల్వను ఖండించునది కాదు. అది నిల్వకు ఎల్లను గీయునది.

బసవేశ్వరుని జీవితమే ఇందుకు సాక్ష్యము. రేపటికని ఏమియు ఉంచుకొననని ప్రమాణము చేసిన ఆయన ఉద్యోగమేమి? బిజ్జలుని భండారి. రాజ్యపు నిల్వకు కావలి. దాచుటయే పాపమైనచో ఆయన ఆ తాళపుచెవిని చేతబట్టియుండడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమందు, భండారపు ధనమును జంగములకు పంచెనని నింద రాగా, రాజు లెక్క చూచినప్పుడు అది తరుగక సరిగా నుండెనను కథ కలదు. దానిని మహిమగా నమ్మువారు నమ్ముదురు. నమ్మనివారికిని అందొక నీతి కలదు: భండారము ఆయన చేతనున్నది, కాని ఆయనది కాదు, అడిగిననాడు లెక్క చూపవలసినది. మన వంటింటి గాదెయు అట్టిదే. దానికి మనము భండారులము.

ఇట్లు నిర్ణయించుకొన్న పిమ్మట, నిల్వ ఎట్లుండవలెనను ప్రశ్నకు నాలుగు పరీక్షలు ఏర్పడుచున్నవి.

మొదటిది, అది కాయకమువలన వచ్చినదా? ధర చౌకయైనప్పుడు అవసరమునకు మించి కొని, ధర పెరిగినప్పుడు విక్రయించు బియ్యము కాయకఫలము కాదు.

రెండవది, దానికి లెక్క ఉన్నదా? ఐదుగురున్న ఇంటికి దినమునకు రెండు కిలోల బియ్యము, పావుకిలో పప్పు కావలెనన్నచో నెలకు అరువది కిలోలు, ఏడున్నర కిలోలు చాలును. అతిథికని మరికొంత కలుపుకొనవచ్చును. ఈ లెక్క తెలియని ఇంట నిల్వ భయమునుబట్టి పెరుగును గాని అవసరమునుబట్టి పెరుగదు.

మూడవది, అది చెడకుండునా? అన్నము ప్రసాదమని అష్టావరణములలో చేర్చుకొన్న మనము గింజను పురుగుపాలు చేయుట అపచారము. మన పెద్దలు దీనిని బాగుగా నెరుగుదురు. ధాన్యమును పంటికింద కటుక్కుమను వరకు ఎండబెట్టుదురు. నేటి శాస్త్రము నూటికి పదునాలుగు పాళ్ళకు మించి తేమ ఉండరాదని చెప్పుచున్నది. కందులకు ఎర్రమట్టి పట్టింతురు, పప్పునకు ఆముదము రాయుదురు, పెసలలో ఎండిన వేపాకు వేయుదురు. చోళ్ళు పురుగు పట్టక ఏండ్లతరబడి నిలుచును గనుక ఉత్తరాంధ్రమున అవి కరవునాటి నేస్తములు. ఎండలు ముదిరిన దినములలో ఆవకాయ, గుమ్మడివడియములు, ఊరుమిరపకాయలు సిద్ధపరతురు. అనకాపల్లి బెల్లము, మన్యపు చింతపండు, పసుపు ఏడాదికి సరిపడ తెచ్చుకొందురు. పాతది ముందు వాడి, క్రొత్తది వెనుక పెట్టుట ఇల్లాలి శాస్త్రము.

నాలుగవది, ఆ తలుపు తెరుచుకొనునా? ఇది తక్కిన మూడింటికంటె కష్టమైనది.

ఫ్రిజ్ విషయమున ఒక మాట. సున్నకు దిగువ పదునెనిమిది డిగ్రీల చలిలో ఆహారము చెడక నిలుచును. ఐనను ఆ చలి సూక్ష్మజీవులను నిద్రపుచ్చును గాని పూర్తిగా చంపదు. కరగినదానిని వెచ్చని గదిలో నిలిపి మరల గడ్డకట్టించుట ప్రమాదకరము. కరెంటు పోయినచో నిండిన డీప్ ఫ్రీజర్ తలుపు తెరువకున్నను రెండు దినములకంటె ఎక్కువ చలిని నిలుపలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరము దాటినప్పుడును, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళము జిల్లాను తాకినప్పుడును అనేక గ్రామములు దినములతరబడి చీకటిలో నున్నవి. అట్టి వేళ ఇంటిని నిలుపునవి అటుకులు, చోడిపిండి, పప్పు, బెల్లము, ఉప్పు, ఊరగాయ. తీగపై ఆధారపడిన నిల్వకు ఋతువులపై ఆధారపడిన నిల్వ తోడుండవలెను.

ఇక ఆక్షేపణ. ఇదంతయు కలిగినవాడు తనకు అనుకూలముగా చెప్పుకొను వాదము కాదా? ఏనాటి కూలితో ఆనాటి బియ్యము కొనువాడు ఏడాదికి చింతపండు ఎట్లు తెచ్చుకొనును? ఈ ఆక్షేపణలో బలమున్నది. గుప్పెడు గుప్పెడుగా కొనువానికే సరకు ఎక్కువ ఖరీదు పడును. 2020 మార్చి నెలాఖరున దేశమంతట లాక్‌డౌన్ విధించినప్పుడు, చేత డబ్బున్నవారు నెలలకు సరిపడ మోసికొనిపోగా, వెనుక వచ్చినవారు ఖాళీ అరలు చూచిన అంగడులు ఎన్నియో కలవు. 1943 నాటి బెంగాల్ కరవును పరిశీలించిన అమర్త్యసేన్, 1981లో ప్రకటించిన తన గ్రంథమందు, తిండిగింజలు లేకపోవుటకంటె వాటిని పొందు శక్తి పేదలకు లేకపోవుటయే లక్షలాది మరణములకు ముఖ్యకారణమని నిరూపించెను. ధరలు పెరుగునని దాచినవారి చేతులు అందు కలిసినవి. అనగా ఒకే బస్తా ఒక వేళ ధర్మమగును, మరియొక వేళ హింస యగును. సరకు సమృద్ధిగా నున్న కోతలకాలమున కొని దాచినచో రైతునకును మేలు, ఇంటికిని మేలు. కొరత వచ్చిన పిమ్మట పరుగెత్తి దాచినచో, అది పొరుగువాని పళ్ళెమునుండి తీసినదే.

నిత్యావసర వస్తువుల చట్టము 1955 నుండి ఉన్నది. అది వర్తకుని గిడ్డంగిని చూడగలదు గాని గృహస్థుని మనస్సును చూడజాలదు. 2013 నాటి ఆహారభద్రతా చట్టము సామాన్యముగా కార్డులోని ఒక్కొక్కరికి నెలకు ఐదు కిలోల ధాన్యమును హక్కుగా ఇచ్చినది. అది గొప్ప మేలు. కాని అన్నములోనికి పప్పు, కూరలోనికి నూనె, తుఫాను రాత్రి పొయ్యిలోనికి ఎండుకట్టె ఇచ్చునది పొరుగిల్లే. చట్టము ఆగిన చోట దాసోహము మొదలగును.

మఠములు ఈ ధర్మమును సామూహికముగా చూపినవి. తుమకూరులోని సిద్ధగంగా మఠము కులమత భేదములు లేక వేలాది బాలురకు నిత్యాన్నము పెట్టుచున్నది. 2019 జనవరి 21న లింగైక్యము చెందిన శివకుమారస్వామివారి కాలమున ఆ వంటశాల దేశమంతట ప్రసిద్ధికెక్కినది. అచ్చటి కొట్టులో నున్న ధాన్యమును చూచి ఎవరును సంగ్రహమని నిందింపరు. ఆ బస్తా ఎవరి ఆకలికొరకో అందరికిని తెలియును. మన ఇంటి కొట్టును చూచి కూడ పొరుగువారు అట్లు అనుకొనగలిగినచో, బసవేశ్వరుని ప్రమాణమునకును మన గాదెకును వైరుధ్యము లేదు.

ఇందుకు మన ఇండ్లలో పూర్వమునుండి ఒక సులభమైన ఆచారము కలదు. ఎసటిలోనికి బియ్యము కొలుచునప్పుడు ముందుగా పిడికెడు తీసి వేరొక కుండలో వేయుట. ఐదుగురి ఇంట పూటకొక పిడికెడు తీసినను లోటు తెలియదు. నెల తిరుగునప్పటికి అది ఒక బీదకుటుంబమునకు కొన్ని దినముల బత్తెమగును. జంగమునకో, మఠమునకో, వీధిచివర రోగముతో నున్న ముసలమ్మకో అది చేరును. తీసిన పిడికెడు మొదటిది కావలెను, వంట ముగిసిన పిమ్మట మిగిలినది కాదు. మిగిలినది ఇచ్చుట దయ. మొదటిది ఇచ్చుట దాసోహము. ఆ కుండ లేని ఇంట గాదె ఎంత చిన్నదైనను అది సంగ్రహమే. ఆ కుండ ఉన్న ఇంట ఏడాది గ్రాసము దాచిన తల్లి ఇష్టలింగము నెదుట సంకోచింపవలసిన పని లేదు.