నూకలు చెల్లడం

చిన్నబిడ్డ పోయినప్పుడు ఓదార్చడానికి వచ్చినవాళ్ళు అనే మాటలు కొన్ని ఉన్నాయి. ఋణం తీరింది, ఆయువు అంతే, నూకలు చెల్లాయి. వీటిలో చివరిది నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ఒక్కొక్కరికి ఈ భూమ్మీద ఇన్ని గింజలని రాసిపెట్టి ఉంటుందనీ, అవి అయిపోతే మనిషీ అయిపోతాడనీ దాని భావం. విధి గురించి చెప్పడానికి పుట్టిన మాట అది. కానీ తిండి చాలక చిక్కిపోయి, విరేచనాలతో ఆసుపత్రిలో చేరి, ఇంటికి తిరిగిరాని బిడ్డ విషయంలో అది అక్షరాలా జరిగిన సంగతి. నూకలు నిజంగానే అయిపోయాయి. అయిపోయేలా చేసింది విధేనా అన్నదే ప్రశ్న.

కుండకు మన్ను ఉపాదాన కారణం, కుమ్మరి నిమిత్త కారణం అని మన దర్శనాలు విడదీసి చెప్పాయి. మరణకారణం దగ్గర ‘అతిసారం’ అని రాసి ఊరుకున్నప్పుడు మనం నిమిత్తాన్ని మాత్రమే రాస్తున్నాం. ఐదేళ్ళలోపు పిల్లలు ఏటా సుమారు 4.4 లక్షల మంది అతిసారంతో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ వయసులో జరిగే మొత్తం మరణాల్లో దాదాపు సగానికి పోషకాహార లోపంతో సంబంధం ఉందన్నదీ ఆ సంస్థ మాటే. ఉపాదానమైన ఆ లోపం చాలాసార్లు కాగితం మీదికి ఎక్కదు. తిండి లోపం, జబ్బు ఒకదాన్నొకటి పెంచుకుంటాయని స్క్రిమ్‌షా, టేలర్, గార్డన్ అనే ముగ్గురు పరిశోధకులు 1968లోనే గ్రంథంగా రాశారు. తిండి చాలని బిడ్డకు పేగు లోపలి పొర పలచబడుతుంది, తిన్నది ఒంటబట్టదు, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. విరేచనాలు త్వరగా కట్టవు. కట్టనన్నాళ్ళూ ఆకలి చచ్చిపోయి ఉన్న కాస్త కండా కరుగుతుంది. తర్వాతి జబ్బు అంతకన్నా బలహీనమైన బిడ్డ మీద పడుతుంది. వార్డులో ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. ఒంట్లో నీరు తగ్గిందా అని పొట్టమీది చర్మాన్ని పట్టి వదిలి చూస్తారు, కళ్ళు లోతుకుపోయాయా అని చూస్తారు. తీవ్రంగా చిక్కిపోయిన బిడ్డకు విరేచనాలు లేకపోయినా చర్మం వదులుగానే, కళ్ళు గుంటల్లోనే ఉంటాయి. అది చూసి సెలైన్ వేగంగా ఎక్కిస్తే నీరసించిన గుండె ఆ భారం మోయలేక ఆగిపోవచ్చు. అందుకే షాక్‌లో ఉంటే తప్ప, అలాంటి పిల్లలకు సోడియం తగ్గించి పొటాషియం పెంచిన ద్రావణాన్ని నోటితోనే కొద్దికొద్దిగా పట్టమంటారు. ఒక బిడ్డను బతికించే సీసా మరో బిడ్డను చంపగలదంటే, ఆ తేడా మన్నులో ఉంది.

క్రిమి లేకపోతే విరేచనాలే ఉండవు కదా, కడుపునిండా తినే పిల్లలకూ అవి వస్తాయి కదా అనవచ్చు. వస్తాయి. మంచినీళ్ళు, మరుగుదొడ్లు, టీకాలు ముఖ్యం కాదని ఎవరూ అనలేరు. కానీ రోటావైరస్ సంగతి చూడండి. టీకా రాకముందు ఐదేళ్ళు నిండేలోగా అది దాదాపు ప్రతి బిడ్డకూ, ఏ దేశంలోనైనా, సోకేది. చావులు మాత్రం ఎక్కువగా పేద దేశాల్లోనే జరిగేవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎత్తుకు తగ్గ బరువు లేని ఐదేళ్ళలోపు పిల్లలు తెలంగాణలో 21.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 16.1 శాతం. విరేచనాలు వచ్చి పడేది ఈ ఒళ్ళ మీద.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం కర్మ సిద్ధాంతానిది. జాతకంలో బాలారిష్టం ఉంది, పూర్వజన్మ ఫలం అనుభవించక తప్పదు అంటారు. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట ఊతమైతే దాన్ని లాక్కునే హక్కు ఎవరికీ లేదు. అయితే అదృష్టం అంటే కనబడనిది. కనబడే కారణాలన్నీ వెతికాక మిగిలినదానికే ఆ పేరు పెట్టాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ నిల్వలు అడుగంటాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీళ్ళు డ్రమ్ములకెత్తించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆ శిబిరంలో ఉన్నవాళ్ళ పూర్వజన్మలు కొన్ని వారాల్లో మారిపోయాయా? మహలనబిస్ రావడం కూడా వాళ్ళ కర్మలో ఉన్నదే అని బదులు చెప్పవచ్చు. సరే, ఒప్పుకుందాం. అప్పుడు మనం పెట్టే ముద్ద కూడా ఆ బిడ్డ కర్మలో ఉండవచ్చు. పెట్టకుండా తప్పుకోవడానికి ఆ సిద్ధాంతంలో చోటు లేదు.

‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత కూడా బిడ్డ నోటి దగ్గరే అడ్డుపడుతుంది. విరేచనాలు మొదలవగానే పాలు మాన్పించి, అన్నం ఆపేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. తప్పు తల్లులదని అనడం అన్యాయం. పేగుకు విశ్రాంతి ఇవ్వాలని ఒకప్పుడు వైద్యులే చెప్పారు. ఒంట్లో నిల్వ ఉన్న పెద్దవాడు ఒక పూట మానితే మేలే కావచ్చు. ఉన్నదాన్ని ఇష్టపడి వదులుకోవడం ఉపవాసం. లేనివాడి మీద, అదీ తొమ్మిది నెలల పిల్లవాడి మీద, మోపితే అది పస్తు. చనుబాలు ఆపవద్దు, జావో మెత్తటి పప్పన్నమో పెడుతూనే ఉండండి, తగ్గాక రెండు వారాలు రోజుకో పూట అదనంగా పెట్టండి అని నేటి వైద్యం చెబుతోంది. తైత్తిరీయ ఉపనిషత్తులోనూ మొదటి మెట్టు అన్నమే: భృగువు తపస్సు చేసి ముందుగా తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. తర్వాత ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం దాకా వెళ్ళాడు. మనం ఆ చివరి మెట్టు గురించే ఎక్కువ మాట్లాడతాం.

తీవ్రంగా చిక్కిపోయిన పిల్లల చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పది మెట్లు చెప్పింది. మొదటిది రక్తంలో చక్కెర పడిపోకుండా చూడటం. పదోది బిడ్డ ఇంటికి వెళ్ళాక జరగాల్సినదానికి ఏర్పాటు చేయడం. మొదటి తొమ్మిది మెట్లకూ ఆసుపత్రిలో నర్సులున్నారు, తూకం ఉంది, వేళకు కలిపిచ్చే పాలున్నాయి. పదో మెట్టు దగ్గర తల్లి బిడ్డను చంకనేసుకుని బస్సెక్కుతుంది. ఇంట్లో అదే బిందె, అవే నీళ్ళు, డబ్బాలో అవే నూకలు.