అభిమానం అనే సంకెల

తెలుగులో 'అభిమానం' చాలా మంచి మాట. ప్రేమకూ వాడతాం, ఆత్మగౌరవానికీ వాడతాం. హీరో కటౌట్‌కు పాలాభిషేకం చేసే కుర్రవాడు అభిమాని. ఆకలితో ఉన్నా ఒకరి ముందు చేయి చాచని పేదవాడు అభిమానం గలవాడు. హిందీలో ఇదే మాట గర్వం వైపు వాలుతుంది. బెంగాలీలో దగ్గరివాళ్ళు నొప్పించినప్పుడు మనసులో పెట్టుకునే అలకను కూడా ఇదే మాటతో చెబుతారు. 1973లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన 'అభిమాన్' సినిమా పేరులో ఈ అర్థాలన్నీ కలిసి ఉన్నాయి. పాటల కోసం మన ఇళ్ళలో ఇప్పటికీ ఆ సినిమా చూస్తారు. పాటలతో పాటు అందులో ఒక ధమ్మ ప్రశ్న కూడా ఉందని మేము అనుకుంటున్నాం.

కథ తెలియనివారికి క్లుప్తంగా చెబుతాం. సుబీర్ పేరు మోసిన గాయకుడు. ఊళ్ళో ఉన్న పిన్నిని చూడడానికి వెళ్ళి, అక్కడ ఉమ పాట విని, ఆమెను పెళ్ళి చేసుకుంటాడు. ఆమెను వేదిక మీదకు తెచ్చేదీ, ఇక మీదట ఇద్దరం కలిసే పాడతామని సంబరంగా చెప్పేదీ అతడే. పెళ్ళి విందులో వాళ్ళ పాట విన్న సంగీతం తెలిసిన పెద్దాయన ఒకరు మాత్రం దిగులు పడతాడు. ఆమె పాట అతని పాట కన్నా గొప్పదని ఆయనకు అప్పుడే అర్థమైపోయింది. అనుకున్నట్టే జనం చూపు ఆమె వైపు మళ్ళుతుంది. అతడు ముడుచుకుపోతాడు, తాగుతాడు, మాటలతో పొడుస్తాడు. ఆమె పాట మానేస్తానంటుంది. చివరికి పుట్టింటికి చేరుతుంది, కడుపులో బిడ్డ పోతుంది, ఆమె రాయిలా మౌనమైపోతుంది. ఆఖరి సన్నివేశంలో అతడు వేదిక మీద, ఒకప్పుడు ఇద్దరూ కలగన్న బిడ్డ గురించిన పాట ఎత్తుకుంటాడు. ఆమె ఏడ్చి, గొంతు కలుపుతుంది.

ఎస్.డి. బర్మన్ సంగీతంలో ఒక చిన్న విశేషం ఉంది. ఉమ పాటలన్నీ లతా మంగేష్కర్ ఒక్కరే పాడారు. సుబీర్ పాటలకు మాత్రం కిశోర్ కుమార్, రఫీ, మన్‌హర్ ముగ్గురూ గొంతునిచ్చారు. కావాలని చేశారని మేము అనం. కానీ ఆమెకు ఒక గొంతు ఉంది, అతనికి తనదంటూ ఒక గొంతు లేదు అని చూసేవారికి అనిపిస్తే తప్పు పట్టలేం.

ఈ సినిమా గురించి మాట్లాడేటప్పుడు మన ఉపాసకుల్లో కూడా ఎక్కువమంది ఉమ త్యాగాన్ని మెచ్చుకుంటారు. భర్త మనసు నొచ్చుకుంటోందని ఇంత గొప్ప విద్యను వదులుకోవడానికి సిద్ధపడింది, ఇది దానపారమి కాదా అని అడిగినవారూ ఉన్నారు. మా జవాబు, కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు 'మానం' దగ్గరకు రావాలి.

పాళీలో మానం అంటే కొలత. తనను పక్కవాడితో కొలుచుకోవడం. బుద్ధుడు దీన్ని మూడు విధాలుగా చెప్పాడు. నేను అతని కన్నా ఎక్కువ అనుకోవడం మానం. నేను అతనితో సమానం అనుకోవడం కూడా మానమే. నేను అతని కన్నా తక్కువ అనుకోవడం సైతం మానమే. మనిషిని కట్టిపడేసే పది సంయోజనాల్లో ఇదొకటి. అంత తేలిగ్గా తెగేది కూడా కాదు. సోతాపన్నుడికి మొదటి మూడు సంకెళ్ళు తెగిపోతాయి, అనాగామికి కామమూ ద్వేషమూ పోతాయి, మానం మాత్రం అర్హత్తు అయ్యేదాకా పట్టుకునే ఉంటుంది. కాబట్టి సుబీర్‌ను చూసి నవ్వే అర్హత మనలో ఎవరికీ లేదు.

సుబీర్ రోగం మొదటి రకం మానం. అది దెబ్బతింటే ఈర్ష్య అవుతుంది. దీఘ నికాయంలోని సక్కపఞ్హ సుత్తంలో ఇంద్రుడు బుద్ధుణ్ణి ఒక సూటి ప్రశ్న అడుగుతాడు. అందరూ వైరం లేకుండా బతకాలనే కోరుకుంటారు కదా, మరి వైరంతోనే ఎందుకు బతుకుతున్నారు? ఇస్సా, మచ్ఛరియ వల్ల అని బుద్ధుని సమాధానం. ఇస్సా అంటే ఎదుటివాడి మేలు ఓర్వలేకపోవడం, మచ్ఛరియ అంటే నాది నాకే ఉండాలనే పిసినారితనం. ఇంద్రుడు వదలకుండా, అవి ఎక్కడి నుంచి పుడతాయి అని తవ్వుకుంటూ పోతాడు. ఇష్టం, అయిష్టం నుంచి. ఆ రెండూ కోరిక నుంచి. కోరిక ఆలోచన నుంచి. ఆలోచన, మనసు అల్లుకునే ప్రపంచం నుంచి, అంటే పాళీలో పపఞ్చం నుంచి. సుబీర్ తాగుతూ కూర్చున్న గదిలో జరిగేది ఈ అల్లికే. అక్కడ ఉమ అతన్ని ఒక్క మాట అనలేదు. జనం కూడా అతన్ని తిట్టలేదు. చప్పట్లు కొంచెం పక్కకు జరిగాయి, అంతే. మిగతా కథంతా అతని తల లోపలే తయారైంది. ఒకప్పుడు ఆమె పాట వినే మనసు పారేసుకున్నవాడికి ఆమె పాటే ముల్లు అయింది. ప్రేమించిన వస్తువూ, ఓర్వలేని వస్తువూ ఒకటే కావడం ఈ సినిమా చూపిన గట్టి నిజం.

ఆ సుత్తంలో సంగీతం కూడా ఉందని చాలామంది గమనించరు. రాజగృహం దగ్గర ఇందసాల గుహలో బుద్ధుడు ధ్యానంలో ఉంటే, ఇంద్రుడు నేరుగా వెళ్ళడానికి జంకి పంచశిఖుడనే గంధర్వుణ్ణి ముందు పంపుతాడు. అతడు వీణ మీటుతూ పాడేది ప్రేమ పాట. భద్ద అనే గంధర్వ కన్య మీద తన వలపును, బుద్ధుడి మీద, అరహంతుల మీద భక్తిని ఒకే పాటలో కలిపి పాడేస్తాడు. బుద్ధుడు కోప్పడలేదు. నీ తీగ నాదం నీ గొంతును దాటిపోలేదు, నీ గొంతు తీగను దాటిపోలేదు అన్న అర్థంలో మెచ్చుకుంటాడు. రెండు స్వరాలు ఒకదాన్నొకటి మింగకుండా ఉండడమే అక్కడ మెచ్చుకోలుకు కారణం. సుబీర్, ఉమల యుగళగీతానికి కావలసింది సరిగ్గా అదే.

అయితే ఆ సుత్తం చివర మాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పని పూర్తయ్యాక సంతోషించిన ఇంద్రుడు పంచశిఖుణ్ణి గంధర్వులకు రాజును చేస్తానంటాడు, భద్దను కూడా ఇస్తానంటాడు. ప్రేమా దక్కింది, పదవీ దక్కింది. భద్ద మనసు అప్పటికి మాతలి కొడుకు మీద ఉందని సుత్తమే చెబుతుంది. పాట విని ఆమె ఒకసారి కలిసిందని కూడా చెబుతుంది. బహుమతిగా ఇచ్చేటప్పుడు మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు. సుత్తాన్ని కూడా బుద్ధితో పరీక్షించి చదవమనే కదా బాబాసాహెబ్ మనకు నేర్పింది. ఆ ప్రశ్న మేము వదిలిపెట్టం.

ఇప్పుడు ఉమ. ఆమె మౌనంలో ఉన్నది మూడో రకం మానం, హీన మానం. అతను పైన ఉండాలి కనుక నేను కిందికి దిగుతాను అనే లెక్క. కొలబద్ద అదే, పట్టుకున్న చివర మాత్రం వేరు. దానంలో ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ లోభం తగ్గాలి. ఇక్కడ ఉమ ఇచ్చిన దానితో సుబీర్‌లో ఏం తగ్గింది? అతని మానానికి మేత దొరికింది. తాగుబోతుకు సీసా కొనిపెట్టడాన్ని దానం అనం కదా. పైగా ఉమకు ఈ లెక్క సొంతంగా పుట్టలేదు. పతియే దైవం అని తరతరాలుగా నూరిపోసిన పాఠం అది. 1951లో 'మహాబోధి' పత్రికలో హిందూ స్త్రీ ఉత్థాన పతనాల గురించి రాసిన వ్యాసంలో బాబాసాహెబ్, స్త్రీని ఆ స్థితికి దింపింది బుద్ధుడు కాదు, మనువు అని వాదించారు. అదే ఏడాది సెప్టెంబరులో హిందూ కోడ్ బిల్లును ముందుకు సాగనివ్వనందుకు మంత్రి పదవే వదిలేశారు. వదులుకోవడం అంటే అదీ. ఒకరి అహంకారం చల్లారడానికి కాదు, కోట్లమంది స్త్రీల హక్కు కోసం.

ఈ కథకు మూలం పండిట్ రవిశంకర్, అన్నపూర్ణా దేవి దంపతులే అని చాలామంది చెప్పుకుంటారు. అల్లావుద్దీన్ ఖాన్ కుమార్తె ఆమె, సుర్‌బహార్‌లో దిట్ట. 1941లో పెళ్ళయింది. తర్వాత కచేరీలు మానేశారు. ఆ ఇంటి లోపలి సంగతులు మన చర్చకు అక్కర లేదు. ముంబైలో ఇంట్లోనే కూర్చుని హరిప్రసాద్ చౌరాసియా వంటివారిని తయారు చేశారు, 2018లో కన్నుమూశారు. విద్య శిష్యుల ద్వారా బతికింది. ఆమె వేళ్ళ నుంచి పుట్టిన నాదం మాత్రం ఒక తరం శ్రోతలకు అందలేదు. ఇలాంటి మౌనాల వల్ల నష్టపోయేది ఆ ఒక్క స్త్రీయే కాదు.

ధమ్మ తరగతుల్లో యువకులు ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వేస్తారు. నేను సమానం అనుకోవడం కూడా మానమే అయితే, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమని నమ్ముతాను, సమానత స్థాపనకు పాటుపడతాను అని ఎందుకు ఉంది? మన పోరాటమంతా మానమేనా? న్యాయమైన ప్రశ్న. వెయ్యేళ్ళు ఊరి బయట ఉంచిన మనిషికి 'నేను' అనేది వదిలెయ్ అని చెప్పడం ఎంత క్రూరమో మాకు తెలుసు. చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడి దగ్గర వదిలెయ్యడానికి ఏ అహం ఉంది?

మా అవగాహన ఇది. ప్రతిజ్ఞలో ఉన్న సమానత లోకాన్ని ఎలా అమర్చాలో చెబుతుంది. నీళ్ళు, బడి, కూలి, వేదిక, మైకు ఎవరికి ఎంత అన్న లెక్క అది. మానంలో ఉన్న సమానత మనసులో రోజంతా సాగే తూకం. నాకు ఇచ్చిన దండ, వాడికి ఇచ్చిన దండ ఒకే పొడవు ఉన్నాయా అని చూసే చూపు. మొదటిది లేకపోతే అన్యాయం మిగులుతుంది. రెండోది ఉంటే న్యాయం దొరికాక కూడా నిద్ర పట్టదు. మరోమాట కూడా గుర్తుంచుకోవాలి. తక్కువ అనుకోవడాన్ని కూడా బుద్ధుడు సంకెళ్ళ జాబితాలో చేర్చాడు. మిగతా మతాలు దానికి వినయం అని పేరు పెట్టి మన చేత మోయించాయి. దాన్ని సంకెల అన్నవాడు బుద్ధుడే. ఆత్మగౌరవ ఉద్యమానికి ధమ్మంలో చోటు ఉన్నది ఇందుకే. గౌరవానికి ఎదుటివాడు కింద ఉండనక్కర లేదు, మానానికి ఉండాలి.

సోమా థేరి కథ ఈ సందర్భంలో చదవాలి. రెండు వేళ్ళ తెలివి ఉన్న ఆడదానివి, నీకు ఆ స్థితి ఎలా దక్కుతుంది అని మారుడు ఎగతాళి చేస్తాడు. ఆమె నేనూ మగవాడితో సమానమే అని వాదానికి దిగలేదు. మనసు నిలకడగా ఉండి, ధమ్మం కనబడుతుంటే ఆడతనం అడ్డేమిటి అంది. నేను స్త్రీని, నేను పురుషుణ్ణి, నేను ఫలానా అని తలచేవాళ్ళ దగ్గరకు వెళ్ళి మాట్లాడుకో అని మారుణ్ణి పంపించేసింది. కొలబద్దనే విరిచేసింది. ఉమకు ఇలాంటి అక్క ఒకరు దొరికి ఉంటే!

మరి కళలో పైకి రావాలనే కోరిక తప్పా? బుద్ధుడు కళకు వ్యతిరేకి అనేవాళ్ళు తాలపుట సుత్తం చూపిస్తారు. నటుల బృందం నాయకుడైన తాలపుటుడు, జనాన్ని నవ్వించే నటుడు చనిపోయాక స్వర్గానికి వెళ్తాడట కదా అని అడుగుతాడు. అడగొద్దని వారించినా వినకపోతే, రాగంలో, ద్వేషంలో, మోహంలో ఉన్నవాళ్ళను ఇంకా అందులోకే తోసి, తానూ మత్తులో పడేవాడికి స్వర్గం ఎక్కడిది అని బుద్ధుడు చెబుతాడు. తాలపుటుడు ఏడ్చి భిక్షువయ్యాడు. కానీ థేరగాథల్లో పొడవైన గాథల్లో ఒకటి ఆయనదే. వేషం పోయింది, కవిత్వం పోలేదు. మంచి పని బాగా చేయాలనే కోరికను పాళీలో ఛందం అంటారు, ఇద్ధిపాదాల్లో మొదటిది అదే. పేరు కోసం దప్పిక తణ్హ. ఉమ తెల్లవారుజామున సాధన చేస్తే అది ఛందం. సుబీర్ చప్పట్లు లెక్కపెట్టుకుంటే అది తణ్హ. (వీణ తీగ ఉపమానం అందరికీ తెలుసు కనుక మళ్ళీ చెప్పడం లేదు.)

సినిమా మీద మా ఫిర్యాదు కూడా చెప్పాలి. సుబీర్ కన్నీళ్ళు పెట్టగానే లెక్క సరిపోయినట్టు కథ ముగించారు. సిగాలోవాద సుత్తం భర్తకు ఐదు బాధ్యతలు చెప్పింది. అందులో భార్యను సన్మానించడం, అవమానించకపోవడం, అధికారం అప్పగించడం ఉన్నాయి. ఏడుపు ఆ జాబితాలో లేదు. పశ్చాత్తాపం నిజమే కావచ్చు. కానీ ముదిత, అంటే ఎదుటివారి మేలు చూసి పొంగడం, ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. అది అలవాటు చేసుకోవలసిన భావన. సుబీర్ ఉమ పేరును తన పేరు కన్నా పెద్ద అక్షరాల్లో చూసి నవ్విన రోజున కదా అతను మారినట్టు.

ఇదంతా బొంబాయి సినిమావాళ్ళ గొడవ అని పక్కన పెట్టడానికి లేదు. మన ఆడవాళ్ళ పాట కచేరీ హాల్లో పుట్టలేదు, నాట్లలో పుట్టింది. అక్కడ ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఆమె గొంతు గట్టిదైతే అందరి నడుము నొప్పి తగ్గుతుంది, ఎవరూ అలగరు. అదే ఆమె ఏప్రిల్ 14 వేదిక ఎక్కేసరికి లెక్క మారుతోంది. పెళ్ళికి ముందు సొంతంగా పాడిన అమ్మాయి, పెళ్ళయ్యాక భర్త వెనక కోరస్‌లో నిలబడుతోంది. కరపత్రంలో 'ఫలానా దంపతుల బృందం' అని అతని పేరే పడుతోంది. ఉద్యోగంలో ఆమె జీతం ఎక్కువైన ఇళ్ళలోనూ ఇదే అలక వేరే రూపంలో కనబడుతోంది. ఈ ఇళ్ళు చాలావరకు చదువుకున్న మొదటి తరానివి. మనువును తగలబెట్టిన ఫోటో గోడ మీదే ఉంటుంది.

'అభిమాన్' ఆఖరి పాటలో మొదట గొంతెత్తేది సుబీర్. ఉమ తర్వాత అందుకుంటుంది. జనం లేచి చప్పట్లు కొడతారు, తెర పడుతుంది. మర్నాడు పొద్దున ఆమె ఒక్కతే తాన్‌పురా ముందు కూర్చుందా, కూర్చుంటే అతను తలుపు చాటున నిలబడి సంతోషంగా విన్నాడా అన్నది దర్శకుడు చూపలేదు. వచ్చే ఏప్రిల్ కరపత్రం ముద్రణకు వెళ్ళేలోపు మన కమిటీలు గాయనుల పేర్లు ఏ వరసలో పెడతాయో చూడాలని మాత్రం మాకు ఉంది.