వాంగనుయి మీద ఐదు రోజులు

న్యూజిలాండ్‌లో వాంగనుయి అనే నది ఉంది. తౌమరునుయి నుంచి పిపిరికి దాకా 145 కిలోమీటర్లు పిల్లలతో సహా కెనూ పడవల్లో వెళ్లే కుటుంబాలున్నాయి. సుమారు 5 రోజుల ప్రయాణం. తిండి, బట్టలు, పక్కలు అన్నీ నీళ్లు చొరని డబ్బాల్లో బిగించి పడవకు కట్టేస్తారు. ముందువాళ్లు తెడ్డు వేస్తే వెనకవాళ్లు పడవను మళ్లిస్తారు. ఇంట్లో ఎవరి మాట నెగ్గినా, వడి నీళ్లలో మాత్రం ఇద్దరూ ఒక్క లయలో కదలాల్సిందే.

దారిలో, మంగాపురువా లోయలో, 1936లో కట్టిన కాంక్రీటు వంతెన కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు అక్కడ భూములిచ్చారు. అడవి నరికి, ఇళ్లు కట్టుకుని, పిల్లల్ని పెంచుకున్నారు. విరిగిపడే కొండచరియలు, కొట్టుకుపోయే రోడ్లు వాళ్లను నిలవనివ్వలేదు. 1942 నాటికి లోయ ఖాళీ అయింది. వంతెన ఉంది, దాన్ని చేరే రోడ్డు లేదు. పడవ ఒడ్డున కట్టి, అడవిలో నడిచైనా పిల్లలకు దాన్ని చూపించాలంటాను.

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలకు ఈ నది పూర్వీకురాలు. వాళ్లు తరతరాలుగా పోరాడాక, 2017లో చట్టం నదికి ఒక వ్యక్తికుండే హక్కులిచ్చింది. నది తరఫున మాట్లాడేందుకు ఇద్దరిని నియమిస్తారు. నది ఒడ్డున టియెకె కైంగాలో రాత్రి ఆగే కుటుంబాలు మావోరీల అతిథులుగా, వాళ్ల ఆచారాలు పాటిస్తూ బస చేస్తాయి.