దయా, బాధ్యతా?

"ముందు నీళ్లు, మరుగుదొడ్లు, ఇంటర్నెట్టు ఆ తరువాత గదా!" అంటారు కొందరు పెద్దలు. వినడానికి వివేకంగానే ఉంటుంది. కాని ఈ వరుస ఎవరి పిల్లలకు? కలవారి బడిలో ఒకటి వచ్చేదాకా రెండవదాన్ని ఆపమని ఎవ్వరూ అనరు.

2020లో కరోనా బళ్లను మూయించింది. సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల మీదుగా సాగినవి. పద్నాలుగేళ్ల దాకా చదువు ఉచితమని చట్టం. టీవీ, ఫోను, డేటా మాత్రం తల్లిదండ్రుల కూలిలోంచి రావలసినవి. గద్వాల పత్తి విత్తనపు చేలలో కూలికి పోయే ఇంటికి, నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలోని చెంచుపెంటకు ఆ ఉచితం ఏపాటిది?

2022 మార్చి 8న వనపర్తిలో "మన ఊరు - మన బడి" మొదలైనది. 26,065 బళ్లు, 7,289 కోట్ల రూపాయల ప్రణాళిక. పన్నెండు పనుల పట్టికలో మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటుతోపాటు డిజిటల్ సౌకర్యాలు కూడా చేరినవి. బీదవాని అవసరాలకు వరుస కట్టకపోవడమే ఆ పట్టికలోని న్యాయం.

అయినా ఒక చిక్కున్నది. తెర ఒకసారి కొంటే సరిపోతుంది. కనెక్షను బిల్లు నెలనెలా వస్తుంది, మరమ్మతు ఏటేటా వస్తుంది. ఆ ఖర్చుకు బడ్జెటులో శాశ్వతమైన పద్దు లేకపోతే, భారం మళ్లీ ఉపాధ్యాయుని జేబుమీదో, పిల్లవాని ఇంటిమీదో పడుతుంది. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారవచ్చు. దయతో ఇచ్చినదాన్ని దాత ఎప్పుడైనా ఆపగలడు; బాధ్యతగా ఒప్పుకున్నదానికి లెక్క అడిగే అధికారం మనకుంటుంది. మనం అడగవలసినది ఆ పద్దునే.